వాడ నుంచి ఉత్తరం – 23: పడే హక్కు

మిత్రులారా, మొదట ఒక ఒప్పుకోలు. ఫిబ్రవరిలో సభకు రాలేదేమని అడిగిన తమ్ముళ్ళకు "పని ఉంది" అని చెప్పినాను. అబద్ధం. సెలవు పెట్టి హిమాచల్ పోయి ఎనిమిది రోజులు మంచులో ఆడుకొని వచ్చినాను.

నాతోపాటు పీహెచ్‌డీ చేసిన ఇద్దరు మిత్రులు తోడు. మనాలి పక్కన సోలాంగ్, ఆ దగ్గరలోనే సేథన్ అనే చిన్న బౌద్ధుల ఊరు, తిరుగుదారిలో సిమ్లా అవతల నార్కండ. మూడు చోట్లా స్నోబోర్డు నేర్చుకున్నాం. రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకొని వాలు మీద అడ్డంగా నిలబడి జారే ఆట అది. అందులో కార్వింగ్ అని ఒక పని ఉంది. పలక అంచులు లోపలికి వంపు తిరిగి ఉంటాయి. ఒళ్ళు వాల్చి ఆ అంచును మంచులోకి దింపితే ఆ వంపే మనల్ని తిప్పుతుంది. చేతగానివాడు వెళ్ళిన చోట మంచు చీపురుతో ఊడ్చినట్టు చెదిరిపోతుంది. చేతనైనవాడి వెనక సన్నటి గీత ఒకటే మిగులుతుంది, మడక చాలు మాదిరి. మా తాత బతుకంతా పరాయి చేలల్లో మడక దున్నినాడు. నార్కండలో ఆఖరి రోజు నా వెనక అలాంటి గీత, మహా అయితే పది అడుగులది, పడింది. నిలబడి చాలాసేపు చూసుకున్నాను.

వచ్చినాక స్టాఫ్ రూములో ఒకాయన నవ్వుతూ అడిగినాడు: "టికెట్టు కూడా కోటాలోనేనా సార్?" ఇలాంటివి పాతబడిపోయాయి, దులుపుకున్నాను. దులుపుకోలేని మాట మనవాడే అన్నాడు. "హాస్టల్లో పిల్లోళ్ళకు నీళ్ళు లేవు. నీకు మంచు కావాల్నా అన్నా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. తమ్ముడు అన్నదాంట్లో అబద్ధం లేదు. 2021 నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మీద పడిన ఊళ్ళు మనవే. పులపత్తూరు, మందపల్లి బురదలో మనం కలిసి నడిచినాం. నీళ్ళు లేక ఒక చావు, నీళ్ళొచ్చి ఒక చావు చూసిన నేల ఇది. ఇక్కడివాడు మంచు మీద ఆట గురించి మాట్లాడితే ఎగతాళిగానే ఉంటుంది.

కానీ ఒకటి గమనించండి. మనవాళ్ళు కొండలకు, మంచుకు ఎప్పుడూ దూరంగా లేరు. పనివాళ్ళుగా అక్కడే ఉన్నారు. శేషాచలంలోకి కట్టెలకు పోయింది మనమే. హిమాలయాల్లో సరిహద్దు రోడ్లు వేసే కూలీల్లో ఝార్ఖండ్ దుమ్కా నుంచి వచ్చే సంతాల్ ఆదివాసులు ఎంతమందో. మా ఇంట్లో మంచును మొదట చూసింది నేను కాదు, కువైట్‌లో ఇంటిపనికి పోయిన మా పిన్నమ్మ. సెలవులకు సేఠు కుటుంబం మంచు కొండలకు పోతూ ఆమెనూ తీసుకుపోయింది. పిల్లలు పైనుంచి జారుతుంటే ఆమె కింద కోట్లు పట్టుకొని నిలబడింది. "ఎట్లుండె పిన్నమ్మా?" అని అడిగితే "చేతులు కొంకర్లు పోయినాయి నాయనా" అనింది. అంతే. మంచు గురించి ఆమె దగ్గరున్న జ్ఞాపకం అదొక్కటే.

మరి పూర్ణ, ఆనంద్ లేరా అంటారు. ఉన్నారు, మన గుండెల్లో ఉన్నారు. మాలావత్ పూర్ణ ఆదివాసీ బిడ్డ, సాధనపల్లి ఆనంద్ కుమార్ దళిత బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివి, భువనగిరి రాతి గుట్ట మీద, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకొని 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. 2022 నాటికి ఏడు ఖండాల శిఖరాలూ ముగించింది. ఆ పేర్లు చెప్పుకొని మనం ఎన్ని సభల్లో చప్పట్లు కొట్టలేదు!

నా బాధ ఇక్కడే. మన పిల్లలకు కొండ ఎక్కే అవకాశం దొరికితే అది ఎవరెస్టే కావాలా? మనవాడు గెలిస్తే పోస్టర్ వేస్తారు. మామూలుగా ఆడుకుంటానంటే "నీకెందుకు" అంటారు. ఆ మాట పైవాళ్ళ నోట ఎంత ఉందో మన నోటా అంతే ఉంది.

స్నోబోర్డు నాకు నేర్పింది ఒకటే, పడటం. మొదటి రెండు రోజులు నిలబడిన దానికన్నా పడిందే ఎక్కువ. నా పక్కన ఢిల్లీ పిల్లలు పదేళ్ళవాళ్ళు పడి, నవ్వి, లేచేవాళ్ళు. నాకు నవ్వు రాలేదు. పడిన ప్రతిసారీ ఎవరైనా చూసినారేమోనని చుట్టూ చూసుకున్నాను. ముప్పై దాటినవాణ్ణి, డాక్టరేట్ ఉన్నవాణ్ణి! ఆలోచిస్తే అర్థమైంది. వాళ్ళ పిల్లవాడు పడితే నేర్చుకుంటున్నాడంటారు. మన పిల్లవాడు ఒక్క పేపరు తప్పితే "వీళ్ళింతే" అంటారు, వాడితోపాటు వాడంతా పడిపోతుంది. పైగా కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో చెయ్యి విరిగితే ఆ నెల తిండి ఎవరు పెడతారు? అందుకే మనమ్మలు "పైలం, పడొద్దు" అనే పెంచినారు. తప్పు వాళ్ళది కాదు.

1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబ్ దోసిట్లోకి తీసుకున్నది నీళ్ళే. ఆ రోజు తేలాల్సింది దాహం ఒక్కటే కాదు, అందరితో సమానమా కాదా అన్నది కూడా. హాస్టల్లో కొళాయి కోసం కొట్లాడదాం, రేపే పోదాం, ముందు నేనుంటాను. అదే అర్జీలో ఇంకో వాక్యం కూడా రాద్దాం. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్‌కు 2013లో చట్టం వచ్చింది. ఆ డబ్బుతో గురుకులాల పిల్లలను ఏటా మనాలి పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక స్కీ కోర్సుకు పంపమందాం. రికార్డు కొట్టేవాళ్ళను ఏరవద్దు, చీటీ తీసి పంపమందాం. చెయ్యి విరిగితే వైద్యం, బీమా ప్రభుత్వానివే అని కూడా రాద్దాం.

ప్రభుత్వం కదిలేలోపు మనం కదులుదాం. వచ్చే చలికాలానికి రాజంపేట నుంచి ఇద్దరు పిల్లలు, ఒకరు తప్పనిసరిగా ఆడపిల్ల. చందా నాతో మొదలు, నా ఒక నెల జీతం. మిగిలింది ఎట్లా పోగేద్దామో ఆదివారం అంబేద్కర్ విగ్రహం దగ్గర కూర్చొని మాట్లాడుకుందాం. "మంచు కావాల్నా" అని అడిగిన తమ్ముడు ముందుగా రావాలి.

జై భీమ్.