సూది ఇవ్వడం పాపానికి తోడ్పాటా?

సూదితో మత్తుమందు ఎక్కించుకునేవారికి కొత్త సూదులివ్వడం హరామ్‌కు తోడ్పడటమేనని మనలో కొందరు పెద్దల అభిప్రాయం. వారి ఆవేదన నిజమైనదే. కానీ ఒకే సూదిని నలుగురు పంచుకుంటే హెచ్‌ఐవి సోకుతుంది. అక్కడి నుండి భార్యకూ, పుట్టబోయే బిడ్డకూ చేరవచ్చు. వారు చేసిన పాపమేమిటి?

ఇరాన్ న్యాయవ్యవస్థ అధిపతి ఆయతుల్లా షాహ్రూదీ 2005లో ఈ సేవలకు అడ్డు తగలవద్దని న్యాయాధికారులను ఆదేశించారు. మలేషియా 2006లో సూదుల మార్పిడిని ప్రారంభించింది. ఈ దేశాలేవీ మత్తును హలాల్ చేయలేదు. పెద్ద కీడును తప్పించడానికి చిన్న కీడును సహించవచ్చునన్నది ఫిఖ్ సూత్రమే.

మన దేశంలోనూ జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఈ సేవలను నడిపిస్తోంది. సూది కోసం వచ్చినవాడికే రక్తపరీక్ష, చికిత్సల దారి చూపగలం. మస్జిద్ కమిటీలు అతడిని వెలివేయరాదు. తౌబా చేసుకోవాలన్నా మనిషి ముందు బతికుండాలి కదా!