పక్క సీటు ఎవరి కోసం?

ఆ మధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక తిరుచానూరులోని మా ఇంటికి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. ఇద్దరూ మా సంఘస్థులే. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కొన్నేళ్లుగా కూడబెట్టిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనాలని అతని కోరిక. తండ్రి మొదట వద్దన్నాడు. ఆ మోడల్ తయారీ ఆగిపోయిందని, ఇక ముందు దాని ధర పెరుగుతుందని ఎవరో చెప్పేసరికి మెత్తబడ్డాడు. అయితే ఒక షరతు పెట్టాడు. ‘కొను, కానీ నడపొద్దు. కవరు కప్పి షెడ్డులో పెట్టు. పదేళ్ల తర్వాత అమ్మితే ప్లాటు కొన్నంత లాభం.’ కొడుకేమో నడపనప్పుడు కారెందుకంటాడు.

‘నువ్వే చెప్పన్నా. సరదాగా తిరగడానికి అంత డబ్బు తగలేయడం విలాసం కాదా? దాచిపెడితే కనీసం పొదుపు అనిపించుకుంటుంది కదా’ అన్నాడు తండ్రి.

‘అయితే అంకుల్, నడిపితే పాపం, దాచితే పుణ్యమా?’ అన్నాడు కొడుకు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్నకు నా జీవితంలో నేనొకసారి తప్పు జవాబు చెప్పాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఖరీదైన కార్లు కొనేవాళ్లలో ఈ రెండు రకాల వాళ్లూ ఉన్నారు. ఇటలీలోని ఫెరారీ కంపెనీ 1962-64 మధ్య 250 జీటీఓ అనే కారును 36 మాత్రమే తయారు చేసింది. రేసుల్లో పరుగెత్తడం కోసమే పుట్టిన బండి అది. 2018 ఆగస్టులో అమెరికాలోని మాంటెరే వేలంలో అలాంటి కారు ఒకటి 4.84 కోట్ల డాలర్లు పలికింది. పింక్ ఫ్లాయిడ్ సంగీత బృందంలో డ్రమ్మరైన నిక్ మేసన్ దగ్గరా అలాంటిదే ఉంది. 1977లో కొన్న ఆ కారును ఆయన అద్దాల గదిలో పెట్టలేదు, రేసులకు తీసుకెళ్లి నడిపాడు. అవే కార్లు మరికొందరి చేతుల్లో బంగారం బిస్కెట్లలా, షేర్ సర్టిఫికెట్లలా మారిపోయాయి.

ధర కోసం దాచేవారి ఇబ్బంది ఒకటుంది. పరిమిత సంఖ్యలో తయారయ్యే స్పోర్ట్స్ కార్లలో ఎంత తక్కువ దూరం తిరిగిన బండికి అంత ఎక్కువ ధర. అంటే యజమాని నడిపిన ప్రతి కిలోమీటరూ అతనికి నష్టం కిందే లెక్క. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగల బండిని కొని, దాని మీటరు కదులుతుందేమోనని భయపడుతూ బతకాలి. అలాంటప్పుడు కారు అతనిదా, అతనే ఆ కారుకు కాపలాదారా?

పోనీ, కదలకుండా ఉంచితే బండి పదిలంగా ఉంటుందా అంటే అదీ లేదు. వాడకపోయినా బ్యాటరీలో చార్జి తనంతట తానే తగ్గుతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసం పలకలపై సల్ఫేటు గట్టిపడి ఇక పనికిరాదు. బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి పక్కనే ఉంది కాబట్టి ఈ సంగతి మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. టైర్లు ఒకేచోట బరువు మోసి చదునవుతాయి. ట్యాంకులో పెట్రోలు జిగురవుతుంది. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. బ్రేకులకు తుప్పు పడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. భూమ్మీద దాచుకున్న ధనానికి చిమ్మెట, తుప్పు తప్పవని ప్రభువు హెచ్చరించింది ఇందుకే (మత్తయి 6:19-21). అరణ్యంలో ఇశ్రాయేలీయులు రేపటికని దాచుకున్న మన్నా తెల్లవారేసరికి పురుగుపట్టి కంపుకొట్టింది (నిర్గమ 16:19-20). ఆనాటి అవసరానికి దేవుడిచ్చినదాన్ని భయంతో దాచితే దానికి పట్టే గతి అది.

హైదరాబాదులోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు నుంచి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును ఆర్డరు చేశాడు. లోపల సింహాసనంలాంటి ఆసనం పెట్టించుకున్నాడు. కారు తయారై రాకముందే, 1911లో ఆయన కన్నుమూశాడు. 1912 నాటి ఆ పసుపుపచ్చ కారు కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. ఆయనా దాన్ని వేడుకలకే బయటికి తీశాడు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉంది. చేయించుకున్నవాడు కూర్చోలేదు, దక్కినవాడు తిరగలేదు. కొట్లు విప్పి పెద్దవి కట్టించుకుందామనుకున్న ధనవంతుణ్ని ఆ రాత్రే దేవుడు అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది. ప్రాణం పోతే ఇవన్నీ ఎవరివవుతాయి? (లూకా 12:16-21)

అలాగని కార్లు సేకరించే వారందరినీ ఒకే గాటన కట్టకూడదు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టారు. ఆయన పేరుతో నడుస్తున్న ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో కార్ల మ్యూజియం తెరిచింది. ఎవరైనా వెళ్లి చూడవచ్చు. పాత యంత్రాలు ఎలా పనిచేసేవో పిల్లలు అక్కడ తెలుసుకోవచ్చు. 1955లో మెర్సిడెస్ బెంజ్ రెండే రెండు 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హాట్ కూపేలు తయారు చేసింది. వాటిలో ఒకదాన్ని 2022 మేలో 13.5 కోట్ల యూరోలకు అమ్మి, ఆ సొమ్మును యువతీయువకుల స్కాలర్‌షిప్‌లకు కేటాయించింది. కాబట్టి భద్రపరచడం తప్పు కాదు. పది మంది కోసం భద్రపరిస్తే అది సేవ, మనకోసమే తాళం వేసుకుంటే అది ధనాపేక్ష.

బైబిల్ కాలంలో స్పోర్ట్స్ కారు లేదు గానీ రథం ఉంది. ఆ రోజుల్లో అదే వేగం, అదే హోదా, అదే విదేశీ సరుకు. సొలొమోను ఐగుప్తు నుంచి ఒక్కో రథాన్ని ఆరు వందల తులాల వెండికి తెప్పించాడు. అతని దగ్గర 1,400 రథాలు, 12,000 మంది రౌతులు ఉన్నారు (1 రాజులు 10:26-29). రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదని ధర్మశాస్త్రం ముందే చెప్పినా (ద్వితీ 17:16) ఆయన ఆగలేదు. ఆ రథాల కోసం పట్టణాలే ఏర్పాటయ్యాయి. చివరికి ఏమైంది? అతని కొడుకు రెహబాము తిరగబడ్డ జనం నుంచి ప్రాణం దక్కించుకోవడానికి గబగబా ఒక రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు (1 రాజులు 12:18). తండ్రి అన్ని రథాలు కూడబెడితే కష్టకాలంలో కొడుక్కి అక్కరకొచ్చింది పారిపోవడానికి ఒక్కటి!

రెండో రథం యెహూది. దూరం నుంచి వస్తున్న రథం వెర్రి వేగాన్ని చూసే కావలివాడు అది యెహూ అయి ఉంటాడని పోల్చుకున్నాడు (2 రాజులు 9:20). మనిషిని ముఖం చూసి కాకుండా దూకుడు చూసి గుర్తుపట్టే పరిస్థితి! నడపడంలోని ఆనందానికి ఉన్న ప్రమాదం ఇదే. మన తిరుమల ఘాట్ రోడ్డులో ఎంత ఖరీదైన కారైనా ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తీసుకోవాల్సిందే. అంతకంటే ముందే చేరితే తప్పు చేసినట్టే. కొండ మలుపు దగ్గర ఇంజిన్ శక్తికి మినహాయింపు లేదు. వేగం చూడాలనుకునే వారికి శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. జనం తిరిగే రోడ్డు మీద మన సరదా మరొకరి ఇంట్లో ఏడుపు కాకూడదు.

మూడో రథం కందాకే రాణి ఖజానా అధికారిది. యెరూషలేములో ఆరాధించి గాజా దారిలో తిరిగి వెళ్తున్నాడు. దేశ ధనాగారమంతా ఆయన చేతిలోనే ఉంది, రథం కూడా సామాన్యమైనది కాకపోవచ్చు. కానీ దుమ్ము రోడ్డు మీద నడిచి వచ్చిన ఫిలిప్పును ఎక్కి తన పక్కన కూర్చోమని బతిమాలాడు. నీళ్లు కనబడగానే రథాన్ని ఆపించాడు, బాప్తిస్మం పొందాడు, సంతోషంగా తన దారిన వెళ్లాడు (అపొ. కార్య 8:26-39). ఈ రథం నడిచింది, పక్కన చోటిచ్చింది, ఆగవలసిన చోట ఆగింది. సొలొమోను 1,400 రథాలకంటే ఈ ఒక్క రథం దేవుని రాజ్యానికి ఎక్కువగా ఉపయోగపడింది.

ఇక నా సంగతి చెప్పాలి. మా నాన్నగారు రేణిగుంటలో రైల్వే ఉద్యోగి. 1974లో బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నారు. 1961 నుంచి పదేళ్లపాటు మద్రాసులో తయారైన చిన్న కారు అది. ఇంగ్లండులో ఆ కారు చట్రం ఆధారంగానే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వచ్చింది. బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంటే మా వీధి పిల్లలంతా గుమిగూడేవారు. అమ్మ పెళ్లికి ముందు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఆస్పత్రిలో నర్సు. ఏడాదికొకసారి నాన్నగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, భాకరాపేట కనుమ మీదుగా పీలేరు దాటి అక్కడికి తీసుకెళ్లేవారు. వెనక సీట్లో మేము. దారి పొడుగునా అమ్మ పాటలు పాడేది.

నాన్నగారు 1998లో ప్రభువునందు నిద్రించారు. పాత కార్లు కొనే వ్యాపారి ఒకాయన హెరాల్డ్‌ను చూసి మంచి రేటు చెప్పాడు. పదేళ్లు నడపకుండా ఉంచితే రెండింతలవుతుందన్నాడు. నేను టార్పాలిన్ కప్పాను. ఒకసారి అమ్మ, ‘ఆ కార్లో ఒక్కసారి ఆరోగ్యవరం పోయొద్దామా నాయనా’ అంది. ‘తిప్పితే రేటు పడిపోతుందమ్మా, ట్యాక్సీ మాట్లాడతాలే’ అన్నాను. మరుసటి ఏడాది మళ్లీ అడిగింది. మళ్లీ ట్యాక్సీ అనే అన్నాను. ‘ట్యాక్సీ ఎందుకులే’ అంది. ఆ తర్వాత అడగలేదు.

2006లో అమ్మ పోయింది. సమాధి కార్యక్రమం ముగిసిన కొన్ని వారాలకు టార్పాలిన్ తీశాను. సీట్లలో ఎలుకలు గూళ్లు పెట్టాయి. ఇంజిన్ బిగుసుకుపోయింది. మొదట చెప్పిన రేటులో సగానికి అమ్మేశాను. పోయిన డబ్బు గురించి ఎప్పుడూ బాధపడలేదు. కానీ భాకరాపేట కనుమ ఎక్కిన ప్రతిసారీ ‘ట్యాక్సీ ఎందుకులే’ అన్న మాట వినబడుతుంది. ఆమెకు కావలసింది ప్రయాణం కాదు, ఆ పక్క సీటు. ఎంత రేటు వస్తుందో లెక్కేశాను గానీ, దాని విలువ ఎవరికి తెలుసో చూడలేకపోయాను. తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుడు దొంగతనం చేయలేదు, దుబారా చేయలేదు. భయపడి దాచాడు, అంతే (మత్తయి 25:24-30). నేను చేసిందీ అదే.

ఆ తండ్రీ కొడుకులకు ఇదంతా చెప్పాక నా అభిప్రాయం చెప్పాను. దాచేకంటే నడపడమే మేలు. దేవుడు మనకు సమస్తాన్నీ ధారాళంగా దయచేసేది అనుభవించడానికే అని పౌలు తిమోతికి రాశాడు. ఆ వెంటనే ఔదార్యం గలవారై తమ కలిమిలో ఇతరులకు పాలివ్వాలనీ ధనవంతులకు ఆజ్ఞాపించమన్నాడు (1 తిమోతి 6:17-18). మొదటి వచనం పట్టుకుని రెండోది వదిలేస్తే అది విలాసం. కాబట్టి అప్పు చేసి కొనొద్దు. దేవునికి, ఇంటి అవసరాలకు, పేదలకు ఇవ్వవలసింది ఇచ్చాకే ఆ డబ్బు ముట్టుకోవాలి. యెహూలా తోలొద్దు. రెండు సీట్ల బండిలో ఒకటి నీది, రెండోది ఎవరికిస్తావో దాన్నిబట్టి దేవుడు నీ ఆనందాన్ని కొలుస్తాడు అన్నాను. ‘మొదటి ప్రయాణం మీ నాయనతో’ అని కూడా చెప్పాను.

తండ్రి నవ్వి, ‘అంత కింద కూర్చుంటే ఈ మోకాళ్లతో మళ్లీ లేవగలనా అన్నా?’ అన్నాడు. ‘నేను లేపుతాలే నాయనా’ అన్నాడు కొడుకు.

మిత్రులారా! మనలో స్పోర్ట్స్ కారు కొనగలిగేవారు ఎంతమంది? కానీ టార్పాలిన్ కప్పిపెట్టినవి మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నాయి. రేటు పెరుగుతుందని ముళ్లకంపలకు వదిలేసిన ప్లాట్లు, ఏ పెళ్లికీ బయటికి రాని లాకర్లోని బంగారం, పాడైపోతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వని చర్చి కీబోర్డు, ఎవరో పెద్ద అతిథి కోసం బీరువాలో ఉంచిన మంచి పళ్లాలు. అతిథి వచ్చేనాటికి మనం ఉంటామో లేదో తెలియదు. మన పక్కన కూర్చోవాలని ఆశపడే మనిషి అన్నాళ్లూ ఎదురుచూస్తూ ఉంటాడన్న హామీ కూడా లేదు.

ఈ వారం ఒక్క టార్పాలిన్ తీయండి. రేటు సంగతి పక్కనపెట్టి, ఎవరిని ఎక్కించుకోవాలో ఆలోచించండి. రెండోసారి అడిగించుకోకండి.