చివరి నిమిషంపై పందెం: లెక్క ఎవరి వైపు?

కోల్‌కతాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో మోహన్ బగాన్ అభిమానులు ఆఖరి విజిల్ మోగేదాకా కుర్చీ వదలకపోతే ఆశ్చర్యం లేదు. ఇండియన్ సూపర్ లీగ్‌లో 2024 ఏప్రిల్ 28న ఒడిశాపై సహల్ అబ్దుల్ సమద్, 2025 ఫిబ్రవరి 23న మళ్లీ ఒడిశాపైనే దిమిత్రి పెట్రాటోస్, అదే ఏడాది ఏప్రిల్ 7న జంషెడ్‌పూర్‌పై అపుయా ఇక్కడే గోల్స్ కొట్టారు. మూడూ 90 నిమిషాలు నిండాక, ఇంజురీ టైమ్‌లో వచ్చినవే.

ఈ వరుస చూస్తే ‘ఈ మైదానంలో చివరి నిమిషం మనదే’ అనిపిస్తుంది. అభిమానికి ఆ నమ్మకం ముచ్చటే. దాని మీద డబ్బు పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 90 నిమిషాల మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి సగటున 2.7 గోల్స్ వేస్తాయనుకుందాం. ఏ నిమిషంలోనైనా గోల్ పడే అవకాశం సమానమే అనుకుంటే, 5 నిమిషాల ఇంజురీ టైమ్‌లో కనీసం ఒక గోల్ పడే సంభావ్యత పాయిజాన్ సూత్రం ప్రకారం సుమారు 14 శాతం. అంటే దాదాపు ప్రతి ఏడు మ్యాచ్‌లలో ఒకటి. ఇందులో మహిమేమీ లేదు. ఆఖరి గోల్ లేకుండా ముగిసిన మిగతా ఆరు మ్యాచ్‌లను మనం మరిచిపోతాం, అంతే. నిజానికి కాళ్లు అలసి, ఓడుతున్న జట్టు తెగించి ముందుకురికే ఆఖరి నిమిషాల్లో గోల్స్ కొంత పెరుగుతాయి కూడా. అయితే ఆ సంగతి పందెం రేటు నిర్ణయించేవాడికి ముందే తెలుసు. అందుకు తగ్గట్టే రేటు కడతాడు.

రెండో చిక్కు కాలానిది. 2016 అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్లో స్కోరు 74-74 ఉండగా విల్లనోవా ఆటగాడు క్రిస్ జెన్‌కిన్స్ ఆఖరి క్షణంలో విసిరిన బంతి బుట్టలో పడి జట్టును గెలిపించింది. బంతి చేయి దాటాక దాని దారిని నిర్ణయించేది విసిరిన వేగం, కోణం, గురుత్వాకర్షణ, గాలి నిరోధం. ఫోన్‌లో ఆట చూసేవారికి మాత్రం ఆ క్షణం ఆలస్యంగా చేరుతుంది. భూస్థిర ఉపగ్రహానికి వెళ్లి రావడానికి సంకేతానికి పట్టేది సుమారు పావు సెకను. దృశ్యాన్ని కుదించి, ముక్కలు చేసి, ఫోన్‌లో నిల్వచేసి చూపేసరికి మరెన్నో సెకన్లు గడుస్తాయి. మైదానంలో జరిగిపోయినదాన్ని జరగబోయేదనుకుని ఇంట్లో కూర్చున్నవాడు పందెం కాస్తాడు. మైదానం నుంచి నేరుగా సమాచారం అందేవాడికి ఫలితం అప్పటికే తెలిసి ఉంటుంది.

మూడోది, అసలైనది, రేటులో దాగిన కోత. సరిసమాన అవకాశాలున్న పందెంలో 100 రూపాయలు పెట్టి గెలిస్తే 190 చేతికొస్తాయనుకుందాం. సగటున తిరిగొచ్చేది 95. మ్యాచ్‌కు ఒక్క పందెమైతే సగటు నష్టం 5 రూపాయలు. తర్వాతి కార్నర్ ఎవరిది, తర్వాతి త్రో ఎవరిది అంటూ ఒకే మ్యాచ్‌లో 40 పందేలు కాస్తే అది 200 అవుతుంది. క్షణాలను ఎంత చిన్నగా తరిగి అమ్మితే కోత అన్నిసార్లు పడుతుంది. ‘చివరి క్షణం’ అంత ఆకర్షణీయమైన సరుకు కావడానికి కారణం ఇదే.

చట్టం కదిలింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినీ ప్రముఖులపైనా, యూట్యూబర్లపైనా తెలంగాణ పోలీసులు కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను నిషేధించింది. ఇవి అవసరమైన చర్యలే. కానీ ఒక యాప్ మూతపడితే మరో పేరుతో ఇంకొకటి తెరుచుకోవచ్చు. ‘ఈసారి తప్పకుండా వస్తుంది’ అనే భ్రమను మూసే మీట ఏ చట్టంలోనూ లేదు.

పదో తరగతి గణితంలో సంభావ్యత పాఠం ఉంది. అందులో నాణేలు, పాచికలు, పేకముక్కలు ఉన్నాయి. వాటి పక్కన ఈ 190 రూపాయల లెక్కను కూడా చేర్చాలి. నాణెం బొమ్మో బొరుసో చెప్పడం పరీక్షలో మార్కులు తెస్తుంది. ఎవరి నాణెం, ఎవరు రేటు కట్టారు అని అడగడం నేర్పితే ఒక ఇంటి జీతం నిలుస్తుంది.