దానమిచ్చిన రక్తము, అందని మందు

రక్తదానము చేయు పౌరుడు మూల్యము నపేక్షింపడు. ఆ రక్తములో సగమునకు మించిన భాగము ప్లాస్మా అను లేత పసుపు వన్నె ద్రవము. దాని నుండి ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ఫ్యాక్టర్ 8, ఫ్యాక్టర్ 9 మున్నగు మందులు తయారగును. ఉచితముగ నిచ్చిన వస్తువు నుండి వచ్చిన మందు పేదవాని కందని ధర పలుకుట న్యాయమా? ఈ ప్రశ్న సమంజసమైనదే. కాని దీనికి సమాధానమును తయారీదారుని లాభమునందే వెదకిన చాలదు. ప్లాస్మా వృథాయగుటయందును వెదకవలెను.

ఈ మందుల తయారీ సులభము కాదు. వేలకొలది దాతల ప్లాస్మాను పరీక్షించి, ఒకచోట చేర్చి, అందలి మాంసకృత్తులను వేరుచేసి, వైరస్‌లను నశింపజేయవలెను. ఇందుకు మాసములు పట్టును. ఒక లీటరు ప్లాస్మా నుండి లభించు ఇమ్యునోగ్లోబులిన్ సుమారు 4 గ్రాములు మాత్రమే. కాలుసేతులు చచ్చుబడు గిలన్-బారె వ్యాధి సోకిన 60 కిలోల రోగికి ఈ మందుతో చికిత్స చేయవలెనన్న 5 దినములలో 120 గ్రాములు కావలెను. అనగా 30 లీటర్ల ప్లాస్మా. దాత యొక్కనికి 200 మిల్లీలీటర్ల చొప్పున లెక్కించినను, ఆ యొక్క రోగికై 150 మంది దాతలు కావలెను.

ఇంత విలువైన ద్రవమును కాపాడుట యెట్లు? రక్తమును సేకరించిన కొలది గంటలలోనే ప్లాస్మాను విడదీసి ఘనీభవింపజేయనిచో ఫ్యాక్టర్ 8 క్షీణించును. అందుకు తగిన యంత్రములు లేనిచోట, ఎర్రకణములు మాత్రమే కావలసిన రోగికి సైతము రక్తమంతయు నెక్కింతురు. మరియొక విషయము: ఒకే లీటరు నుండి పలు మందులు వచ్చును. అన్నింటిని రాబట్టినచో ఖర్చు అన్నింటిపై పంచుకొనబడును. నూనె తీసి తెలకపిండిని పారవేయు గానుగవాడు నూనెను చౌకగ అమ్మగలడా?

ధరలకు హద్దు విధించిన చాలునని కొంద రందురు. హద్దు అవసరమే. కాని సరకు కొరవడినచో ఆ ధర కాగితముపైననే మిగులును. ధనమిచ్చి రక్తమును సేకరింతమన్న, సుప్రీంకోర్టు 1996 తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి వృత్తి దాతల పద్ధతి నిషిద్ధమైనది. కావున స్వచ్ఛంద దానమే మనకు ఆధారము. అందు ఒక్క చుక్కయు వృథా కారాదు.

2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మిగులు ప్లాస్మాకు లీటరుకు 1,600 రూపాయల మారక విలువను నిర్ణయించెను. రక్తనిధులు దానికి బదులుగ పరికరములనో, సామగ్రినో, ప్లాస్మా మందులనో పొందవచ్చునని అనుమతించెను. ఏర్పాటు మంచిదే. అయితే ఈ మారకమున మందులకే అగ్రస్థానము దక్కుట ఉచితము. యంత్రములను వేరు పద్దుల నుండి కొనవచ్చును. హీమోఫిలియాచే మోకాలు వాచి మంచము పట్టిన బాలుడు మందుకై వేచియుండజాలడు.

జిల్లా ఆసుపత్రులలో ప్లాస్మాను విడదీయు వసతి కల్పించుట ప్రభుత్వముల విధి. ఇచ్చిన ప్లాస్మా ఎంత, తిరిగివచ్చిన మందు ఎంత, అది ఎందరు పేదలకు చేరినది అను లెక్కను ఏటేట ప్రకటించుట రక్తనిధుల విధి. ఆ లెక్క నడుగుట దాతల హక్కు. దానమిచ్చిన చేయి యాచించు చేయి కాదు. తన దానము రోగికి చేరినదా యని విచారించుటకు అది సంకోచింప నవసరము లేదు.