నమస్తే... గారూ!

ఆ రోజు ఉదయం పదిన్నరకి 'సెండ్' నొక్కాను. పదకొండుకల్లా ఫోన్లు మొదలయ్యాయి.

మాది విజయవాడలో చిన్న పచ్చళ్ల కంపెనీ. మాది అంటే మా మేడంది. నేను చేరి నాలుగు నెలలు, ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఇన్‌స్టా పోస్టులు, కస్టమర్లకి వాట్సాప్‌లో జవాబులు, నెలకోసారి ఈమెయిల్ న్యూస్‌లెటర్... ఇదీ నా పని. అప్పుడు వెళ్లింది కొత్తావకాయ మెయిల్. ఏడాదిలో మాకు అదే పెద్దది. దాదాపు నాలుగు వేల మందికి వెళ్తుంది.

'టెస్ట్ చేసుకోలేదా?' అంటారేమో. చేశానండీ! నా జీమెయిల్‌కే పంపుకున్నా, నా లాప్‌టాప్‌లోనే తెరిచి చూసుకున్నా. 'నమస్తే' తర్వాత నా పేరు, పక్కన 'గారూ' ముచ్చటగా వచ్చాయి. స్క్రీన్‌షాట్ మేడంకి పెట్టా. "బావుంది, పంపెయ్" అన్నారు. పంపేశా.

మొదటి ఫోన్ ఓ పెద్దాయనది. "అమ్మాయ్, 'నమస్తే గారూ' అని వచ్చింది. ఇది నాకేనా, ఇంకెవరికన్నానా?" అన్నారు. లిస్టు తెరిచి చూస్తే విషయం అర్థమైంది. ఎగ్జిబిషన్ స్టాల్లో మేం రాసుకున్నవి ఈమెయిల్ ఐడీలు మాత్రమే. పేరు ఉండాల్సిన గడి ఖాళీ. నాకు పేరుంది కాబట్టి నా టెస్ట్‌లో అంతా బాగానే కనిపించింది. పేరు లేకపోతే 'మిత్రమా' అనో ఇంకేదో దానంతటదే వచ్చేలా పెట్టే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నేను పెట్టలేదు.

దీనికైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. అసలు దెబ్బ 'ఆర్డర్ చేయండి' బటన్ దగ్గర తగిలింది. కొత్త మెయిల్ మొదటినుంచీ తయారు చేయడమెందుకని పోయినేడాది దాన్నే కాపీ చేసి ఫొటోలు, మాటలు మార్చాను. బటన్ వెనక లింకు మార్చలేదు. పోయినేడాది పేజీని ఎవరూ మూయలేదు కూడా. కిలోకి 90 రూపాయలు తక్కువ ధరకి, నేను చూసేలోపే 61 ఆర్డర్లు వచ్చేశాయి. డబ్బులు కట్టేశారు కూడా. టెస్ట్ మెయిల్లో ఆ బటన్ రంగు బాగుందో లేదో మూడుసార్లు చూశాను. ఒక్కసారీ నొక్కలేదు!

మేడం అరవలేదు. అరిచుంటే బావుండేది. "పాత ధరకే పంపుదాం. తప్పు మనది, వాళ్లది కాదు" అని, "సారీ మెయిల్ నువ్వే రాయి. ఈసారి నీకు మాత్రం టెస్ట్ పంపుకోకు" అన్నారు.

ఆ సాయంత్రమంతా అదే పని. మొదటి టెస్ట్ అమ్మ ఫోన్‌కి పంపా. అమ్మ డార్క్ మోడ్‌లో, అక్షరాలు పెద్దవి చేసుకుని వాడుతుంది. "ఏమే, మీ కంపెనీ పేరేదీ?" అంది. నల్ల అక్షరాల లోగో, వెనక నల్ల తెర... కలిసిపోయింది. లోగో చుట్టూ తెల్ల గీత పెట్టాం. రెండోది అకౌంట్స్ అన్నయ్య కంప్యూటర్‌కి. అందులో పాత అవుట్‌లుక్. విండోస్‌లో అది 2007 నుంచీ మెయిల్‌ని వర్డ్ డాక్యుమెంట్ చూపించినట్టే చూపిస్తుందట. గుండ్రటి మూలల బటన్ కాస్తా పలకలా అయింది. పర్లేదు, నొక్కితే పనిచేసింది. తర్వాత ఫొటోలు లోడ్ కాకుండా ఆపి చూశా. మెయిల్ సగం ఖాళీ! ధర, తేదీ అన్నీ ఫొటోలోనే రాశాం మరి. వాటిని మామూలు అక్షరాల్లోకి తెచ్చి, ఫొటో రాకపోతే కనిపించే మాట కూడా పెట్టాం.

తెలుగులో మెయిల్ పంపేవాళ్లకి ఇంకో తిప్పలుంది. మెయిల్ కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, 'మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి' అంటుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్. తెలుగులో 'క'కి మూడు. ఒత్తూ గుణింతమూ కలిసిన 'క్షే'కి ఏకంగా పన్నెండు! మేం ఆవకాయ చరిత్రంతా రాశాం కదా, అడుగున ఉండాల్సిన అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కత్తిరింపులో పోయింది. అది కనపడకపోతే జనం ఏం చేస్తారు? స్పామ్ అని నొక్కుతారు. పెద్దమొత్తంలో మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో బయటికెళ్లే దారి ఇవ్వాలని, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ రూలు పెట్టాయి. మేం అంత పెద్దవాళ్లం కాదనుకోండి, అయినా చరిత్ర సగానికి కోసేశా. ఆ లింకు కూడా నొక్కి చూశా. పనిచేసింది. నన్ను నేనే లిస్టులోంచి తీసేసుకున్నా.

రాత్రి ఏడుపుమొహంతో స్క్రోల్ చేస్తుంటే పాత వార్తొకటి కనపడింది. 2021 జూన్‌లో హెచ్‌బీఓ మ్యాక్స్ 'ఇంటిగ్రేషన్ టెస్ట్ ఈమెయిల్ #1' అనే ఖాళీ మెయిల్‌ని నిజం చందాదారులకే పంపేసింది. ఇంటర్న్ చేసిన పొరపాటని కంపెనీ చెబితే, ట్విట్టర్‌లో జనం తిట్టడం మానేసి ఎవరి ఉద్యోగంలో వాళ్లు చేసిన ఘనకార్యాలు ఆ ఇంటర్న్‌కి చెప్పుకున్నారు. చదువుతుంటే కాస్త ఊపిరాడింది.

మర్నాడు సారీ మెయిల్ ముందు వంద మందికే పంపా. అందులో పేరు లేనివాళ్లని కావాలనే వేశా. గంట ఆగా. ఫోన్ రాలేదు. అప్పుడు మిగతావాళ్లకి వదిలా.

మధ్యాహ్నానికి నిన్నటి పెద్దాయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "పేరు లేకపోయినా 'గారూ' ఉంది కదమ్మా, చాలు. నా పేరు కింద రాస్తున్నా, ఎక్కించుకో. పోయినసారి ఆవకాయలో ఉప్పు ఎక్కువైంది. అది మీ మేడంకి చెప్పు."