కొడుకు వీసా అడిగే ముందు ఒక్కసారి పొలాస పోయి రండి



పోయిన శుక్రవారం రూముల కూర్చున్నప్పుడు మా కోరుట్ల తమ్ముడు అడిగిండు. "అన్నా, మా పిల్లగాడు బైపీసీ పాసయిండు. నీట్ల మార్కులు రాలే, ఎప్‌సెట్ల మాత్రం ర్యాంకు మంచిగనే ఉంది. మన సైటుల హెల్పర్ వీసా ఏమన్న ఉన్నదా? ఉన్న ఎకరంన్నర అమ్ముతున్న, అప్పు కట్టంగ వీసాకు సరిపోతయి." అగ్రికల్చర్ బీఎస్సీ పెట్టరాదా అంటే నవ్విండు. "బోరు ఎండి నేను ఇక్కడికొస్తి. వాడు మళ్ల నాగలి పట్టాల్నా?"

ఈ మాట మనలో చాలామంది మనసులో ఉన్నది. అందుకే రాస్తున్న. నాది పదో తరగతి చదువు, రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మనం పని చేసే అవాలినే చూడండి. 1932లో జబల్ దుఖాన్ దగ్గర ఆయిల్ పడ్డాక బాప్కో వాళ్లు కట్టిన ఊరు ఇది. చుట్టూ ఎడారి, లోపల చెట్లు, గడ్డి. మా సైటు గేటు పక్కన మేము కూడా రెండు వరుసల మొక్కలు పెట్టినం. రోజూ పొద్దుమాపు కొంచెం కొంచెం నీళ్లు పెట్టినా ఆకుల అంచులు మాడిపోయి ఒక వరుస మొత్తం పోయింది. నేను ఎండ అనుకున్న. ఫోర్‌మన్ పిల్లల నిర్లక్ష్యం అన్నడు, వాళ్లు మాటలు పడ్డరు. తర్వాత అగ్రికల్చర్ చదివిన ఒకాయన వచ్చి, నీళ్లల్ల చిన్న మీటరు ముంచి, మట్టి తీసి చూసి, "ఉప్పు" అన్నడు. కొంచెం నీళ్లు పెడితే అవి ఎండకు ఆవిరైపోయి ఉప్పు వేర్ల దగ్గరనే పేరుకుంటదట. రోజూ చిలకరించుడు కాదు, విడిచి విడిచి లోతుగ పెట్టాలె, ఉప్పు వేర్ల కిందికి దిగిపోవాలె, ఆ నీళ్లు పోయే దారి ఉండాలె అని చెప్పిండు. రెండో వరుస బతికింది. ఆయన వచ్చింది గంట సేపు. మేం ఎండల మోసిన నీళ్లు నెల రోజులయి. నాగలి పట్టుడు వేరే, ఈ చదువు వేరే.

మనం ఇక్కడ వండుకునే సన్నబియ్యం సంగతి కూడా అంతే. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు 1986లో ఇచ్చిన రకం. ఆర్ఎన్ఆర్ 15048, తెలంగాణ సోనా, రాజేంద్రనగర్‌ది. జగిత్యాల సన్నాలు మన పొలాస పరిశోధన కేంద్రంలో పుట్టినయి. పొలాసలో వ్యవసాయ కాలేజీ కూడా ఉంది. ఆ గేటు ముందటి నుంచి ఎన్నిసార్లు బస్సుల పోయిన్నో, లోపల ఏముందో నేను ఒక్కనాడు అడగలే.

చదువు నాలుగేండ్లు. మట్టి, విత్తనం, పురుగులు, తెగుళ్లు, నీటి యాజమాన్యం, మార్కెట్ అన్నీ చెప్తరు. చివరి ఏడు పిల్లల్ని ఊర్లల్ల రైతుల దగ్గర ఉంచి పని నేర్పిస్తరు. తర్వాత మండల వ్యవసాయ అధికారి, ఏఈఓ పోస్టులున్నయి. బ్యాంకులల్ల ఐబీపీఎస్ పరీక్షతోటి అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్లను తీసుకుంటరు. నాబార్డ్ ఉంది, హైదరాబాద్ చుట్టూ విత్తన కంపెనీలున్నయి, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. సొంతంగ షాపో, నర్సరీయో, మట్టి పరీక్ష కేంద్రమో పెట్టుకుంటానంటే అగ్రి క్లినిక్ పథకం కింద శిక్షణ ఉచితం, బ్యాంకు లోను మీద సబ్సిడీ ఉంది.

ఇక సీటు సంగతి, దీన్ని జాగ్రత్తగ చదవండి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వేరు, ఇది వేరు. వ్యవసాయ యూనివర్సిటీ తన నోటిఫికేషన్ తనే వేస్తది. మనోళ్లు చాలామంది ఇక్కడ ఫోన్ల చూసుకోక తేదీ దాటిపోగొట్టుకుంటరు. రెండో మాట, రైతు పిల్లల కోటా. దానికి అమ్మానాన్నల పేరు మీద కనీసం ఎకరం భూమి ఉండాలె, పిల్లలు ఒకటి నుంచి ఇంటర్ దాకా ఉన్న చదువుల కనీసం నాలుగేండ్లు మున్సిపాలిటీ కాని ఊర్లల్ల చదివి ఉండాలె. షరతులు ఏటా నోటిఫికేషన్లనే చూసుకోవాలె. ఎకరంన్నర అమ్మి వీసా కొంటానన్న మా తమ్ముడికి ఆ భూమే కొడుకు సీటుకు అక్కరకొచ్చే కాగితం అని తెలియదు.

పది పాసైన పిల్లలకు అగ్రి పాలిటెక్నిక్ డిప్లొమా రెండేండ్లే. తెలంగాణల పాలిసెట్ రాయాలె. డిప్లొమా చేసినోళ్లు అగ్రిసెట్ రాసి బీఎస్సీల చేరొచ్చు. ఎంపీసీ చదివినోళ్లకు బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ ఉంది. ఆంధ్ర అన్నలకు గుంటూరు లాం దగ్గర ఎన్జీ రంగా యూనివర్సిటీ, తోటల చదువు కావాలంటే వెంకటరామన్నగూడెం.

అంతా తేనె అని నేను చెప్పను. సర్కారు పోస్టుల నోటిఫికేషన్లకు ఏండ్లకేండ్లు ఎదురుచూసే పిల్లలున్నరు. విత్తన, మందుల కంపెనీల మొదట్ల జీతం తక్కువ, ఎండల తిరుగుడు ఎక్కువ. అట్లనే గల్ఫ్‌ల ఉన్న తండ్రి అనంగనే "మా దగ్గర అగ్రికల్చర్ సీటు ఉంది, ఇంత కట్టు" అని ఫోన్లు చేసే బ్రోకర్లున్నరు. ఆ కాలేజీకి ఐసీఏఆర్ గుర్తింపు ఉందా లేదా అడగకుండ ఒక్క దినార్ కూడా పంపకండి. పిల్లగాడికి ఇష్టం లేకుంటే బలవంతం చెయ్యకండి, అది కూడా చెప్తున్న. అయితే ఇష్టం ఉందా అని ముందు అడగండి. ఆడపిల్లలను కూడా అడగండి.

మా తమ్ముడు ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసిండు. భూమికి బయానా ఇంకా తీసుకోలేదట. పిల్లగాడు పొద్దున బస్సెక్కి పొలాస పోయి అడిగొస్తనన్నడు. ఏం చెప్పిన్రో వచ్చే శుక్రవారం తెలుస్తది. మీ ఇండ్లల్ల బైపీసీ పిల్లలుంటే గ్రూపుల పేరు, ర్యాంకు రాయండి, నోటిఫికేషన్ పడంగనే అందరికి పెడుతం.