రుచి చూసే టీచరుకు ఆహార శాస్త్రమూ నేర్పాలి

బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించే ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలు, వారిలో కనీసం ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలని కేంద్రం నిబంధనల్లో చెప్పింది. 2013 జులైలో బీహార్‌లోని గండామన్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. అలాంటి తేడాను నాలుక పసిగట్టవచ్చు. కానీ అన్ని ప్రమాదాలూ నాలుకకు దొరకవు. వండేవారి చేతి పుండు నుంచి చేరే స్టెఫిలోకాకస్ సూక్ష్మజీవి విడిచే విషం వల్ల కూర రంగు, వాసన, రుచి మారవు. దాన్ని మళ్లీ మరగబెట్టినా ఆ విషం విరగదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. ఇది తెలియని టీచరు ఒక ముద్ద తిని, బాగుందని సంతకం పెడతారు. ఆ సంతకం పిల్లలకు రక్షణ కాదు. అన్నం ఎప్పుడు దింపారు, ఎంతసేపు మూత పెట్టి ఉంచారు, వంట చేసినవారి చేతికి గాయం ఉందా అని అడగగలిగితేనే ఆ పరీక్షకు అర్థం ఉంటుంది. ఆ ప్రశ్నలు ఎందుకు అడగాలో ముందు టీచరుకు ఎవరైనా చెప్పాలి.

ఈ శిక్షణ మొదలుపెట్టడానికి హైదరాబాద్‌ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు మించిన చోటు లేదు. ఇక్కడి తోటల్లో పండిన టమాటా, క్యారెట్, ఆకుకూరలు బీజాపూర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ వంటిళ్లకు చేరతాయి. బడిలో కూర్చున్న పిల్లల్లో ఆ రైతుల బిడ్డలూ ఉంటారు. మందు కొట్టిన తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ లెక్క వెనక ఉన్న కారణం తరగతి గదిలో అర్థమైతే, అది సాయంత్రానికి తోటకు చేరుతుంది. నేర్పగలవారూ దగ్గరే ఉన్నారు. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం, మొక్కల ఆరోగ్య యాజమాన్య జాతీయ సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. ఇంత విజ్ఞానం పక్కనే ఉండి బడి గడప దాటకపోవడం బాధాకరం.

టీచర్లకు ఇప్పటికే సర్వేలు, ఎన్నికలు, ఆన్‌లైన్ నమోదులు ఉన్నాయి, మళ్లీ ఇదొకటా అనే అభ్యంతరం న్యాయమైనదే. అయితే సూక్ష్మజీవులు, ఆమ్లాలు, క్షారాలు వారు రోజూ చెప్పే పాఠాలే. అవి కొత్త భారం కావు, అవే పాఠాలకు పళ్లెంలోంచి ఉదాహరణలు దొరుకుతాయి. అరకొర శిక్షణ మాత్రం ప్రమాదమే. పసుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది, కల్తీ అని చాలామంది అనేస్తారు. అసలైన పసుపుకూ ఆ రంగు వస్తుంది. నీళ్లు కలిపితే పోతుంది. పోకుండా నిలిచిపోతేనే మెటానిల్ యెల్లో అనే కల్తీ రంగు ఉన్నట్టు. ఈ చివరి అడుగు చెప్పని శిక్షణ నిజాయతీగా అమ్ముకునే చిన్న దుకాణదారుడి మీద నింద వేయిస్తుంది.

అసలు లోపం డబ్బుది, సరుకుది, వంటగదిది అనేవారి మాటలోనూ నిజముంది. నీళ్లు లేని వంటగదిలో చేతులు కడుక్కోమని పాఠం చెప్పడం అన్యాయం. బిల్లులు సకాలంలో రాని వంట ఏజెన్సీ మహిళలను నాణ్యత కోసం నిలదీయడమూ అన్యాయమే. శిక్షణ ఆ ఖర్చుకు ప్రత్యామ్నాయం కాకూడదు. కానీ ఏది కొరతో స్పష్టంగా, కారణంతో సహా రాసి పై అధికారిని అడగగలిగేది విషయం తెలిసిన టీచరే. 2024 నవంబర్‌లో నారాయణపేట జిల్లా మాగనూరు ఉన్నత పాఠశాలలో పిల్లలు అస్వస్థులయ్యారు, సస్పెన్షన్లు జరిగాయి. వారం తిరక్కుండానే మళ్లీ పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. శిక్ష భయం పెట్టింది, జాగ్రత్త నేర్పలేదు. అందుకే శిక్షణ పొందిన టీచరును తర్వాత బలిపశువును చేయకుండా ఉత్తర్వుల్లోనే రాయాలి. అనుమానం వస్తే వడ్డన ఆపే అధికారం, ఆ పూట పిల్లలకు వేరే భోజనం ఏర్పాటు చేసే నిధి ఆ టీచరు చేతికి ఇవ్వాలి. వంట మహిళలనూ అదే శిక్షణలో, అదే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. వచ్చే వేసవి సెలవుల్లో చేవెళ్ల, మొయినాబాద్‌లలో మొదలుపెట్టడానికి కొత్త సంస్థ అక్కర్లేదు, విద్యాశాఖ పైన చెప్పిన మూడు సంస్థలకు లేఖ రాస్తే చాలు.